డాబాకు వేయించిన తెల్ల కోటింగ్: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక

ఖమ్మంలో మున్నేరుకు దగ్గర్లో మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. మా నెత్తిన ఇంకో అంతస్తు లేదు, స్లాబే. ముందుగదిలో నా రెండు మిషన్లు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే రాత్రి తొమ్మిదిదాకా జాకెట్లు, లంగాఓణీలు, స్కూలు యూనిఫాంలు కుడుతూనే ఉంటాను. రోజుకు పన్నెండు గంటలు ఆ స్లాబు కిందే కూర్చునే మనిషిగా ఇది రాస్తున్నాను. ఎండ వేడి తగ్గడానికని ఆ తెల్ల కోటింగ్ 2025 మార్చిలో వేయించాం, ఇది రాసేనాటికి ఎనిమిది నెలలు.

ముందు 2024 సంగతి చెప్పాలి. ఆ ఏడు ఏప్రిల్ సగానికే గదిలో కూర్చోలేకపోయాం. పట్టు గుడ్డ మీద చెమట చుక్క పడితే మరక పోదు, గుడ్డ డబ్బులు నేనే కట్టుకోవాలి. అందుకని రెండు మణికట్లకూ పాత చున్నీ ముక్కలు చుట్టుకుని కుట్టేదాన్ని. పట్టు జాకెట్లన్నీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూర్తిచేసేదాన్ని. రాత్రి పదింటికి స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనిస్తే, ఇస్త్రీపెట్టె ఆపేసిన పావుగంటకు ఎంత వేడి ఉంటుందో అంత ఉండేది. ఫ్యాను తిరిగేకొద్దీ ఆ వేడే మీదికి దిగేది. పాపకు మెడంతా చెమటకాయలు. డాబా మీద పడుకుందామంటే నీళ్లు చల్లినా చాపలోంచి సెగ, దానికితోడు మున్నేటి దోమలు.

జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్లందరిదీ అదే మాట: "ఏం ఎండలక్కా ఇవి!" టీవీలో రోజూ రికార్డు, రికార్డు అంటుంటే చివరికి ఆ మాట వినిపించినా ఎవరూ తల ఎత్తేవాళ్లు కాదు. "ఏసీ పెట్టించుకోరాదూ" అని ఒకరు. "మా చిన్నప్పుడూ రోహిణి కార్తెలో రోళ్లు పగిలేవి" అని ఇంకొకరు. నిజమే, కానీ రోహిణి కార్తె వచ్చేది మే నెలాఖరుకు. నేను చెప్పేది ఏప్రిల్ మాట. ఎవరితో మాట్లాడినా పగలు నలభై రెండా, నలభై నాలుగా అనే లెక్కే. రాత్రి నిద్ర గురించి అడిగితే మాత్రం ప్రతి ఒక్కరూ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పేవారు.

తర్వాత పేపర్లో చదివాను. 2024 మన దేశంలో 1901 నుంచి లెక్కలున్న అన్ని ఏళ్లలోకీ వేడి ఏడాదని వాతావరణ శాఖ చెప్పింది. అందులో నా కళ్లు ఆగిపోయిన చోటొకటుంది. ఏడాది మొత్తానికి సగటున పగటి వేడి మామూలుకన్నా 0.20 డిగ్రీలే ఎక్కువట. రాత్రుళ్లది 0.90. మేం పడ్డ బాధ ఎక్కడుందో ఆ అంకె సరిగ్గా చూపించింది. ఎండలో తిరిగొచ్చిన ఒళ్లు రాత్రయినా చల్లబడాలి. మా స్లాబు దాన్ని చల్లబడనివ్వలేదు.

2023లో ఒకసారి సున్నంలో జిగురు కలిపి నేనే చీపురుతో కొట్టాను. మూడు వందల్లో అయిపోయింది, తేడా కూడా తెలిసింది. మొదటి గట్టి వానకే గొట్టంలోంచి పాలలా కారిపోయింది. చేతిలో డబ్బు లేనివాళ్లకు ఇప్పటికీ అదే చెబుతాను, ఎండాకాలం గడుస్తుంది. కాకపోతే ప్రతి ఏడాదీ కొట్టుకోవాలి.

ఇల్లు మాది కాదు కాబట్టి పెయింట్ అనగానే ఓనరు పెద్దమ్మ "మీరు రేపు ఖాళీ చేసిపోతే?" అంది. ఆమె తప్పు లేదు, కింద ఉండేవాళ్లకు ఆ వేడి తెలియదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద జనం చిక్కుకుపోయిన రోజున, కింది వాటా కిటికీల దాకా నీళ్లొచ్చాయి. పెద్దమ్మ, పెదనాన్న, వాళ్ల బియ్యం బస్తాలు, దేవుడి పటాలు అన్నీ మా ముందుగదిలోకొచ్చాయి. మూడు వారాలు కలిసే ఉన్నాం. సెప్టెంబరులో వాన ఆగి ఎండ కాసిన ఒక రోజు, రాత్రి పదకొండింటికి పెద్దమ్మ లేచి కూర్చుని, "ఇంత ఉక్కలో ఎట్లా పడుకుంటున్నారు బిడ్డా" అంది. మే నెలలో ఇంతకు రెండింతలు ఉంటుందని చెప్పాను. సంక్రాంతి వెళ్లాక ఆమే కబురు చేసింది, సగం ఖర్చు మాది, సగం మీది అని.

ఇక కోటింగ్ మాట. కంపెనీ పేరు రాయను. ఏ కంపెనీదైనా డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉందేమో చూడండి. ఎండను ఎంత తిప్పికొడుతుందో, తాగిన వేడిని ఎంత తొందరగా వదిలేస్తుందో కలిపి చెప్పే లెక్క అది. నల్లటి కప్పుకు 0, మంచి తెల్లటి కప్పుకు 100 అని పెట్టుకున్నారు. ఆ అంకె లేకుండా ఊరికే కూల్ అని రాసి ఉంటే మామూలు తెల్ల రంగే అమ్ముతున్నారేమో అనుకోవాలి.

మా డాబా ఆరు వందల చదరపు అడుగులు. పనికొచ్చినతను పది లీటర్లు సరిపోతుందన్నాడు, సరిపోలేదు. ముందుగది మీద రెండు కోట్లు అయ్యేసరికి డబ్బా అడుగంటింది. వంటగది వైపు బూడిద రంగు స్లాబు అట్లాగే మిగిలింది. రెండో డబ్బా తెచ్చి అతను మళ్లీ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు కోపమొచ్చింది కానీ ఆ తొమ్మిది రోజులే నాకు అసలైన పరీక్ష చేసిపెట్టాయి. ఒకే ఇల్లు, ఒకే ఎండ, ఒకే స్లాబు, సగం తెలుపు, సగం బూడిద.

గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొనుక్కొచ్చి గదికొకటి పెట్టాను. గ్యాస్ పొయ్యి వేడి కలవకుండా రాత్రి వంట ఎనిమిదికల్లా ముగించి తొమ్మిదిన్నరకు చూసేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి రెండు గదులకూ ఒక డిగ్రీ అటూఇటూ, అంతే. కిటికీలోంచి వడగాలి కొడుతుంటే కోటింగ్ ఏం చేస్తుంది? రాత్రి తొమ్మిదిన్నరకు మాత్రం వంటగదిలో 35 ఉంటే ముందుగదిలో 32, 32న్నర. మూడు డిగ్రీలంటే చెవికి చిన్నగా ఉంటుంది. మూడో రోజు నుంచి మా పాప చెప్పకుండానే చాప ముందుగదిలో వేసుకుంది. పదింటికి స్టూలెక్కి చెయ్యి పెట్టి చూశాను. వంటగది పైన ఇస్త్రీపెట్టె వేడి, ముందుగది పైన మామూలు గోడలా ఉంది.

ఒక మాట చెప్పుకోవాలి. 2025 మేలో వానలు ముందే పడ్డాయి, 2024 మేలాగా కాల్చలేదు. కాబట్టి 2024కూ 2025కూ పోల్చి గొప్పలు చెప్పను. ఆ తొమ్మిది రోజుల లెక్కనే నమ్ముతున్నాను.

ఖర్చు మొత్తం తొమ్మిది వేలు దాటలేదు. అందులో ఇరవై లీటర్ల పెయింటు, పగుళ్లకు పూసిన మందు, ఇద్దరి కూలి ఉన్నాయి. కరెంటు ఖర్చు లేదు. ఏసీ పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టను, మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇంట్లో అవసరమే. కానీ మా సందు ఆరడుగులు. ఎదురింటి ఏసీ తిరిగితే ఆ వేడి గాలి మా కిటికీలోకే వస్తుంది.

లోపాలు ఉన్నాయి. నీళ్ల ట్యాంకు కింద ఎప్పుడూ తేమ ఉండేచోట జూలైలోనే పొరలు పొరలుగా లేచిపోయింది. తేమ ఆరకముందే పూశారు, నేను కూడా తొందరపెట్టాను. పడమటి గోడకు ఎండ కొడితే అటువైపు వేడి అట్లాగే ఉంది, దానికి ఈ పెయింట్ ఏమీ చేయలేదు. మిట్టమధ్యాహ్నం డాబా మీదికెళ్తే కళ్లు తెరవలేం, బట్టలు ఆరేయడం పొద్దున్నే చేసుకోవాలి. వెనక రెండంతస్తుల ఇంటివాళ్లకు కిటికీలో వెలుగు కొడుతోందని అడిగితే, పిట్టగోడ మీద పాత చీర కట్టాం. గ్రానైటు దుమ్ము, ధూళి పేరుకుని మే కల్లా తెలుపు మసకబారింది. చీపురు, రెండు బకెట్ల నీళ్లు పెట్టి కడిగితే మళ్లీ వచ్చింది. వానాకాలంలో మూలల్లో నాచు పట్టి జారుతోంది, పిల్లల్ని ఎక్కనివ్వకండి. మొంథా తుఫాను వానకు కూడా ట్యాంకు దగ్గర తప్ప ఎక్కడా ఊడలేదు. అయిదుకు నాలుగు ఇస్తాను.

నాలుగు లీటర్లు మిగిలితే పక్క సందులో మిర్చి యార్డు హమాలీ వాళ్ల రేకుల ఇంటికిచ్చాను. యార్డులో మిర్చి జోరుగా వచ్చేది ఎండలు ముదిరే నెలల్లోనే, అతను పగలంతా బస్తాలు మోసి ఆ రేకుల కిందికే చేరాలి. రేకు స్లాబులా కాదు, పగలే మాడ్చేస్తుంది, పొద్దుగూకితే తొందరగా చల్లారుతుంది. అందుకే అక్కడ తేడా మధ్యాహ్నమే తెలిసింది. వాళ్లావిడ నాలుగు నెలల పసివాణ్ని పన్నెండు కాగానే చెట్టు కింద ఊయల్లోకి మార్చేది. పెయింట్ వేసిన వారానికి, జాకెట్ ఇవ్వడానికి ఒంటిగంటకు వెళ్తే వాడు ఇంట్లోనే తడిగుడ్డ కట్టిన కిటికీ పక్కన నిద్రపోతున్నాడు. ఆవిడ నోటి మీద వేలు పెట్టి నన్ను బయటే ఆపింది.

తెలంగాణలో కూల్ రూఫ్ విధానం, అంటే ఇట్లా ఎండను తిప్పికొట్టే కప్పులు ఉండాలనే విధానం, 2023 ఏప్రిల్‌లోనే వచ్చింది. దేశంలో ముందు మనమే తెచ్చాం, సంతోషం. అందులో ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి, లోపు ఉంటే మన ఇష్టం. మా వీధిలో 600 గజాల ఇల్లు ఒక్కటీ లేదు. 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచారు. ఆ సాయం ఇవ్వాల్సిందే, ఒక్క రూపాయి తగ్గించొద్దు. కానీ మాకైన ఖర్చు చొప్పున లెక్కేస్తే నాలుగు లక్షలకు నలభై నాలుగు డాబాలవుతాయి. మా వీధి మొత్తం అయిపోయి పక్క సందు కూడా సగం వస్తుంది. అద్దెకుండేవాళ్ల తరఫున ఓనరుకు చెప్పే మనిషి ఒకరు, పెయింట్ మీద కొంత రాయితీ, ఈ రెండూ మున్సిపాలిటీ వాళ్లు చూస్తే చాలామంది ముందుకొస్తారు. కుట్టుపనికి వచ్చినవాళ్లలోనే ఇప్పటికి ఏడుగురు డాబా ఎక్కి చూసి వెళ్లారు.

వేయించుకునేవాళ్లు ఫిబ్రవరి దాటనివ్వకండి. మాకు మార్చి సగమైపోయింది. పనివాళ్లు పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు దిగిపోయారు, ఆ తర్వాత బూడిద రంగు స్లాబు మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోయారు. రెండో కోటు రోజున అదే టైముకు తెలుపు మీద కూర్చుని మజ్జిగ తాగారు.