సుత్తి దెబ్బతో రాయి లోతు: దేవనహళ్లి దగ్గర సైస్మిక్ శిక్షణ ఎలా ఉందంటే

బెంగళూరులో పునాదుల పని చేసేవాళ్లకు గుండురాళ్ల బాధ తెలిసిందే. బోరు గ్రానైటును తాకుతుంది. అది కింది దాకా ఉన్న బండో, మట్టిలో మిగిలిన గుండో ఆ ఒక్క బోరు చెప్పదు. అది తేల్చుకోవాలనే దేవనహళ్లి దగ్గర ఒక చిన్న సంస్థ శని, ఆదివారాల్లో నడిపే సైస్మిక్ రిఫ్రాక్షన్ (నేలను కొట్టి పుట్టించిన అలలు ఎంతసేపటికి చేరతాయో చూసి కింది పొరల లోతు కనుక్కునే పద్ధతి) శిక్షణలో చేరాను. భోజనంతో కలిపి రుసుము 6,000 రూపాయలు.

శనివారమంతా బయలు నేలలోనే. 3 మీటర్లకొకటి చొప్పున 24 జియోఫోన్లు, అంటే నేల వణుకును పట్టే పరికరాలు గుచ్చాం. పాడైపోయిన ఒకదాన్ని విప్పి చేతికిచ్చారు: లోపల అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట. నేల కదిలితే చిన్న వోల్టేజీ పుడుతుంది, అంతే. వరస చివర ఇనుప పలక, 8 కిలోల సుత్తి, దాని పిడికి స్విచ్చి. సుత్తి పలకను తాకగానే ఆ వణుకులను నమోదు చేసే సైస్మోగ్రాఫ్ కాలం లెక్కించడం మొదలుపెడుతుంది. ఒకే చోట 4 దెబ్బల రికార్డులు కలిపితే రొదతో పోల్చినప్పుడు సంకేతం రెండింతలవుతుంది, నాలుగింతలు కావాలంటే 16 కొట్టాలి. ఆ వర్గమూలం లెక్క నా భుజానికి బాగా ఎక్కింది.

పక్కనే నీలగిరి తోట. గాలికి చెట్లు ఊగితే వేళ్ల వణుకు కూడా తెరమీద కనిపించింది. లారీ వస్తే ఆగాలి, ఎవరైనా నడిస్తే ఆగాలి. మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన శిక్షకుడు "అమ్మా, అడుగు కదపకండి" అని ఎన్నిసార్లు అరిచారో!

రుసుము గిట్టుబాటైంది ఆదివారం ఉదయమే. కంప్యూటర్ ముట్టనివ్వలేదు. గ్రాఫు కాగితం మీద ఒక్కో జియోఫోన్‌కు అల మొదట చేరిన సమయాన్ని పెన్సిలుతో గుర్తించాం. గీత వాలును తిరగేస్తే వేగం. పైమట్టికి సెకనుకు సుమారు 400 మీటర్లు, కింది గట్టి రాతికి 4,500. మధ్యలో 1,500 దగ్గర ఒక గీత వచ్చింది. శిథిలమైన రాయి అని నేను రాసేశాను. "ఇక్కడ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి?" అని అడిగారాయన. నీటితో నిండిన మట్టి కూడా దాదాపు అదే వేగం చూపిస్తుందట. గట్టి పొర కింద మెత్తటి పొర ఉంటే ఈ పద్ధతికి అసలు కనిపించదనీ, రాతిపొర వాలి ఉందేమో తెలియాలంటే రెండు కొసల నుంచీ కొట్టాలనీ కాగితం మీదే చూపించారు. మా 69 మీటర్ల వరసకు దాదాపు 15 మీటర్ల లోతు అందుతుంది. చిన్న గుండు మాత్రం జియోఫోన్ల మధ్య దాక్కుంటుంది. కాబట్టి బోరు తప్పదు, బోర్ల మధ్య ఖాళీకే ఇది పనికొస్తుంది.

మధ్యాహ్నం నీరసంగా సాగింది. నేల పైభాగం వెంట పాకే అలలను వాడే ఉపరితల తరంగాల పద్ధతిని హడావిడిగా, అవే 14 హెర్ట్జ్ జియోఫోన్లతో చూపించారు. లోతు అందాలంటే ఇంకా నెమ్మది కంపనాలను పట్టే 4.5 హెర్ట్జ్‌వి వాడాలి. చమురు అన్వేషణ గురించి చిత్రాలు మాత్రమే. సముద్రంలో ఓడ వెనక గాలిని పేల్చి అలలు పుట్టించే ఎయిర్ గన్‌లు, నీటిలో వాటిని వినే హైడ్రోఫోన్ల తీగలు, మన కృష్ణా-గోదావరి బేసిన్ పటం. కేబుల్‌లో రెండు చానళ్లు మొదటి నుంచీ మూగవే. ఈ రుసుముకు వాటిని బాగుచేయించి ఉండాల్సింది.

హిందూపురం నుంచి ఒక రైతు బోరు పాయింటు చూడడం నేర్చుకుందామని వచ్చారు. గట్టి రాతిలో నీటి జాడకు ముందు విద్యుత్ నిరోధక సర్వే (నేలలోకి కరెంటు పంపి చూసేది) చేయించుకోమని శిక్షకుడు నిజాయితీగానే చెప్పారు, కానీ అప్పటికే రెండో రోజు. ఆ ముక్క ప్రకటనలోనే రాయాలి. నీళ్ల కోసం వెళ్లేవాళ్లు చేరకండి. పునాదులు, క్వారీలు, రోడ్డు పనుల వాళ్లు తప్పక చేరవచ్చు.