అగస్టస్ వెండి నాణెమా, టైబీరియస్‌దా: ఏది మేలు?

రోమన్ చక్రవర్తులు నాణేలతో ఏం చెప్పాలనుకున్నారో ఒకే దీనారియస్‌లో (రోమన్ల వెండి నాణెంలో) చూడాలంటే ఏది ఎంచుకోవాలి? దక్షిణ భారతదేశపు నిధుల్లో విరివిగా దొరికినవి రెండు రకాలు: అగస్టస్‌ది ఒకటి, ఆయన తరువాత చక్రవర్తి అయిన టైబీరియస్‌ది ఒకటి. రెండూ నేటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, అంటే నాటి లుగ్డునం టంకశాలలో, తయారైనవే. రెండింటిలోనూ వెండి మేలిమిది, బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి తేల్చవలసింది వాటి మీది బొమ్మలే.

నా ఓటు అగస్టస్‌కే. ఈ నాణేన్ని క్రీ.పూ. 2లో కొట్టడం మొదలుపెట్టేనాటికి ఆయనకు అరవై దాటాయి. బొమ్మ వైపు మాత్రం ముడత లేని యువకుడి ముఖం, తలపై లారెల్ ఆకుల దండ కనిపిస్తాయి. బొరుసు వైపు టోగాలు (రోమన్ పౌరులు ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రాలు) ధరించిన ఇద్దరు కుర్రవాళ్లు డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. వారు గాయస్, లూసియస్. కూతురు జూలియా కొడుకులైన ఈ ఇద్దరినీ అగస్టస్ దత్తత తీసుకున్నాడు. చుట్టూ ఉన్న అక్షరాలు వారిని అగస్టస్ కుమారులని, కాబోయే కాన్సుల్‌లని, అంటే రోమ్ అత్యున్నత పదవికి ఎంపికైనవారని, ప్రకటిస్తాయి. తన తరువాత ఎవరో లోకానికి తెలియజెప్పడానికి ఇంతకంటే సూటి మార్గం ఆ కాలంలో లేదు. కానీ లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ 4లో చనిపోయారు. తాత ఆశ ఈ వెండి మీదే మిగిలిపోయింది. ఈ సంగతి తెలిశాక ఆ చిన్న బొమ్మలను మామూలుగా చూడలేము.

వారి మరణంతోనే టైబీరియస్‌కు సింహాసనానికి దారి తెరుచుకుంది. ఆయన నాణెం మీద ఒక స్త్రీ రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు, కానీ నాణెం మీద ఆమె పేరు లేదు. దాదాపు 23 ఏళ్ల పాలనలో ఈ బొమ్మ పెద్దగా మారలేదు. మార్పులేని బొమ్మ వ్యాపారికి నమ్మకం కలిగించి ఉండవచ్చు, చూసేవారికి మాత్రం కథ తక్కువ. బైబిల్లో సీజరుకు కట్టే పన్ను ప్రస్తావనలోని నాణెం ఇదేనన్న నమ్మకం వల్ల సేకర్తల మధ్య దీనికి గిరాకీ ఎక్కువ. ఆ ప్రస్తావన మీద ఆసక్తి ఉన్నవారు దీన్నే ఎంచుకోవాలి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం తెలుగువారికి కొత్త కాదు. నల్గొండ ప్రాంతపు అక్కెనపల్లి నిధిలో ఇద్దరి నాణేలూ కలిసే బయటపడ్డాయి.