వీల్‌లోకి ఎక్కని ఫైళ్లు: జాంగో ప్రాజెక్టు టెంప్లేటుతో ఆరేళ్లు

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో, మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. మొత్తం నలుగురం. బట్టల కొట్ల బిల్లింగు, కోచింగ్ సెంటర్ల ఫీజులు, పలాస వైపు జీడిపప్పు యూనిట్ల లెక్కలు, ఇలాంటివి జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి సిద్ధంగా దొరికే చట్రం, అంటే ఫ్రేమ్‌వర్కు) రాసిస్తుంటాం. ఏ పని తీసుకున్నా మొదటి రెండు రోజులు అదే చాకిరీ: లాగిన్, బ్యాకప్, భాష తెలుగులోకి, టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతాకి మార్చుకోవడం. విసుగొచ్చి 2019లో ఇవన్నీ కలిపి జాంగో మీద మా సొంత ఫ్రేమ్‌వర్కు ఒకటి చిన్నగా కట్టుకున్నాం. దాంతోపాటే ఒక ప్రాజెక్టు టెంప్లేటు, అంటే కొత్త ప్రాజెక్టుకి అచ్చులా వాడే ఫైళ్ల కట్ట. స్టార్ట్‌ప్రాజెక్ట్ కమాండ్‌కి ఆ టెంప్లేటు చూపిస్తే చాలు, పేరు మార్చుకుని కొత్త ప్రాజెక్టు తయారవుతుంది. జాంగోలో ఈ సౌకర్యం 1.4 వెర్షన్ నుంచీ ఉంది.

మొదట్లో టెంప్లేటుని జిప్ చేసి మా సర్వర్‌లో పెట్టి, దాని లింకే ఇచ్చేవాళ్లం. లింకు ఇచ్చినా జాంగో దించుకుంటుంది. మా ఆఫీసులో ఏ ఇబ్బందీ లేదు. పలాసలో ఒక యూనిట్‌కి వెళ్లిన రోజు వర్షం, నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ కూడా అందలేదు. ఖాళీ చేతులతో రైలెక్కి వచ్చేశాం. అప్పుడే టెంప్లేటుని కూడా మా ఫ్రేమ్‌వర్కు ప్యాకేజీ లోపలే పెట్టాలని నిర్ణయించుకున్నాం. ఇప్పుడు వీల్ ఫైళ్లన్నీ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన పైథాన్ ప్యాకేజీ మూటలు) పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తాం. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌కి నో-ఇండెక్స్ (నెట్‌లోని జాబితాలో వెతకొద్దు) అని చెప్పి, ఫైండ్-లింక్స్‌తో ఆ ఫోల్డర్ చూపిస్తే నెట్ అక్కర్లేదు. అసలు తలనొప్పులు మొదలైంది కూడా ఇక్కడే.

జాంగోలో నాకు బాగా నచ్చినది చూడ్డానికి చాలా చిన్న విషయం. టెంప్లేటు ఫైళ్ల పేర్లు డాట్ పై అని కాకుండా డాట్ పై-టీపీఎల్ అని ముగుస్తాయి. కొత్త ప్రాజెక్టులోకి కాపీ అయ్యేటప్పుడు ఆ తోక తెగిపోతుంది. దీని విలువ మాకు మొదట తెలియలేదు, అన్నీ మామూలు డాట్ పై ఫైళ్లుగానే పెట్టాం. క్లాసు పేరు ఉండాల్సిన చోట జంట మీసాల బ్రాకెట్లు (తర్వాత పేరు నింపాల్సిన ఖాళీకి గుర్తు) ఉంటే అది పైథాన్ ఎలా అవుతుంది? ప్యాకేజీ కట్టేముందు పైథాన్ ఫైళ్లన్నిటినీ కంపైల్ చేసే కంపైల్‌ఆల్ నడిపితే వరసగా సింటాక్స్ ఎర్రర్లు. కోడ్‌ని చక్కగా సర్దే బ్లాక్ ఫార్మాటర్ కూడా ఆ ఫైళ్ల దగ్గరికొచ్చి మొరాయించింది. జాంగో సొంత టెంప్లేట్లు 1.9లో ఈ తోక తగిలించుకున్నాయి. మేమూ తగిలించుకున్నాం, గోల ఆగిపోయింది.

ఆగిపోయి ఇంకో గోల మొదలైంది. ఫోల్డర్‌ని పైథాన్ ప్యాకేజీగా చూపించే ఇనిట్ ఫైలుకి కూడా తోక రావడంతో టెంప్లేటు లోపలి ఫోల్డర్‌ని వీల్ కట్టే సెటప్‌టూల్స్ ఇక పైథాన్ ప్యాకేజీగా చూడదు. అందులోవన్నీ దాని లెక్కలో ఉత్త డేటా ఫైళ్లు. వాటిని ప్యాకేజీ డేటా అనే సెట్టింగులోనో, మానిఫెస్ట్ అనే జాబితా ఫైలులోనో విడిగా చెప్పాలి. ప్యాకేజీ డేటాలో చెప్పాం, నక్షత్రం గుర్తు పెట్టి 'అన్నీ తీసుకో' అన్నాం. మా కుర్రాడు నెల్లిమర్లలో ఇన్‌స్టాల్ చేసి ఫోన్ చేశాడు: "ఏటన్నా, గిట్‌ఇగ్నోర్ లేదు, ఎన్వ్ ఫైలు నమూనా కూడా లేదు!" మొదటిది గిట్‌లోకి ఎక్కకూడని ఫైళ్ల జాబితా, రెండోది రహస్య సెట్టింగుల నమూనా; రెండిటి పేర్లూ చుక్కతోనే మొదలవుతాయి. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే రెండూ ఉన్నాయి. అరగంట ఫోన్లోనే వాదించుకున్నాం. ఆ నక్షత్రం చుక్కతో మొదలయ్యే ఫైళ్లని పట్టుకోదు, వాటికి చుక్క పెట్టి విడిగా రాయాలి. మరి నా దగ్గర ఎందుకు పనిచేసింది? నేను ఎడిటబుల్‌గా ఇన్‌స్టాల్ చేసుకున్నాను. అంటే వీల్‌తో సంబంధం లేకుండా నేరుగా సోర్స్ ఫోల్డర్ నుంచే చదువుతోంది. వీల్‌లో ఫైలు లేకపోయినా రాసినవాడికి ఎప్పటికీ తెలియదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే మాకు కనీసం మూడు ప్రయాణాలు తప్పేవి.

జావాస్క్రిప్ట్ వాళ్లకీ ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. వాళ్ల ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎంలో పెట్టేటప్పుడు గిట్‌ఇగ్నోర్ పేరే మారిపోతుంది. అందుకే వీట్ అనే టూల్ స్టార్టర్ టెంప్లేట్లలో దాన్ని చుక్క బదులు అండర్‌స్కోర్‌తో దాచి, ప్రాజెక్టు పుట్టేటప్పుడు మళ్లీ చుక్క పెడతారు. మేమూ ఆ కిటుకే ఎత్తుకొచ్చాం.

దీనికి తిరగేసిన తప్పు కూడా చేశాం. టెంప్లేటు నుంచి ఒక పాత ఫైలు తీసేసి ఆర్నెల్లయినా కొత్త ప్రాజెక్టుల్లో అది వస్తూనే ఉండేది. పాత బిల్డ్ ఫోల్డర్ తుడవకుండా వీల్ కట్టడమే కారణం. ఇప్పుడు బిల్డ్ ఫోల్డర్ చెరిపేశాకే కడతాం. వీల్ అంటే ఎలాగూ జిప్పే కాబట్టి లోపలి జాబితా తీసి కళ్లతో చూస్తాం. తర్వాత ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్) ఆ వీల్ వేసి, ప్రాజెక్టు పుట్టించి, సర్వర్ లేపి లాగిన్ పేజీ వచ్చిందాకా ఊరుకోం.

టెంప్లేటులో టెంప్లేటు ఉంటే వచ్చే తికమక వేరు. వెబ్ పేజీల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లలోనూ అవే బ్రాకెట్లూ ట్యాగులూ ఉంటాయి, కానీ అవి సైటు నడిచేటప్పుడు నిండాలి. జాంగో మామూలుగా డాట్ పై ఫైళ్లలోనే పేర్లు నింపుతుంది, హెచ్‌టీఎంఎల్‌ని ముట్టుకోదు. పైన బార్‌లో ప్రాజెక్టు పేరు దానంతటదే రావాలని ఆశపడి ఆ ఒక్క ఫైలు పేరు కూడా కమాండ్‌లో ఇచ్చాను. ప్రాజెక్టు పేరు చక్కగా వచ్చింది. యూజర్ పేరు రావాల్సిన చోట ఖాళీ. లాగౌట్ నొక్కితే 403, అంటే అనుమతి లేదని. ప్రాజెక్టు పుట్టినప్పుడే ఆ ట్యాగులన్నీ నడిచేసి, విలువలు లేక, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌తో (ఫారం మన సైటు నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) సహా ఖాళీగా మిగిలాయి. ప్రాజెక్టు పుట్టేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు, అదే కోపం తెప్పించింది. అలాంటి చోట్ల ఇప్పుడు, లోపలిది ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు వదలమని చెప్పే వెర్బటిమ్ ట్యాగు చుట్టేస్తాం.

పేర్ల విషయంలో మాత్రం జాంగో పట్టింపు మంచిదే. మధ్యలో హైఫన్ పెడితే ఒప్పుకోదు, ఉన్న పైథాన్ మాడ్యూల్ పేరు పెట్టినా ఒప్పుకోదు.

ఇక అసలు లోపం. ప్రాజెక్టు పుట్టాక దానికీ టెంప్లేటుకీ బొడ్డు తెగిపోతుంది. టెంప్లేటులో ఏం సరిచేసినా పాత ప్రాజెక్టులకి చేరదు. మొదటి ఏడాది మా టెంప్లేటులో సీక్రెట్ కీని (లాగిన్ సెషన్ల లాంటి వాటిని కాపాడే రహస్య అక్షరాల వరస) నేనే నా పాత ప్రాజెక్టు నుంచి అతికించి వదిలేశాను. టెంప్లేటులో దానికి ఖాళీ వదిలితే జాంగో ప్రతి ప్రాజెక్టుకీ కొత్త కీ నింపి ఇస్తుంది, నేను ఆ ఖాళీ వదల్లేదు. పదకొండు మంది కస్టమర్లకి ఒకే తాళంచెవి! బయటపడ్డాక బొబ్బిలి, రాజాం, పలాస తిరిగి ఒక్కోటీ చేత్తో మార్చాను. బండి పెట్రోలు ఖర్చు నాదే, ఎవరినడుగుతాను?

ఆ తిరుగుడు తర్వాత సెట్టింగులన్నీ ప్యాకేజీ లోపలికి తరలించాం. టెంప్లేటులో మిగిలిన సెట్టింగ్స్ ఫైలు ఇప్పుడు పద్నాలుగు లైన్లు. ప్యాకేజీ నుంచి అన్నీ తెచ్చుకుని, ఆ కస్టమర్‌కి సంబంధించిన నాలుగు విలువలు మాత్రం రాస్తుంది. పోయిన నెల బ్యాకప్‌లో తప్పు దొరికితే, మా కుర్రాడు వీల్ ఒక్కటే పట్టుకుని పలాస వెళ్లి, మధ్యాహ్నం రైలుకే తిరిగొచ్చేశాడు.