గుంటూరు శివారు ఎన్‌పీఎం షాపు: జీవామృతం బాగుంది, క్యాన్లతోనే తంటా

ఎన్‌పీఎం అంటే రసాయన పురుగుమందులు లేని సాగు. పశువుల్లేని కౌలు రైతుకు దానికి కావాల్సినవి అమ్మే ఇలాంటి షాపు పెద్ద ఆసరా. నేలలో మేలుచేసే సూక్ష్మజీవుల్ని పెంచే ద్రవ జీవామృతం పద్ధతిగా కలుపుతున్నారు: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల పంచితం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను. డ్రమ్ము నీడలో ఉంది, పైన గోనెపట్టా కప్పారు, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతున్నారు. రెండు రోజులు పులిస్తే ఎకరానికి ఆ 200 లీటర్లు సరిపోతాయి.

అమ్మే తీరే బాగాలేదు. క్యాను మూత బిగించేస్తున్నారు. పులిసే సరుకు కదా, గ్యాసు పట్టి క్యాను ఉబ్బుతుంది, గాలాడక లోపల కుళ్లుతుంది. తయారీ తేదీ కూడా రాయడం లేదు. అడిగి తెలుసుకోండి, వారం దాటితే తీసుకోవద్దు. పుల్లటి వాసన రావాలి గానీ మురుగు కంపు రాకూడదు. డ్రిప్‌లో వదిలేవాళ్లు పల్చటి గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, లేకుంటే డ్రిప్పర్లు పూడుకుపోతాయి.

షాపులో అన్నిటికన్నా విలువైంది గోడమీది బోర్డు. ఏ పొలంలో ఏ కషాయం ఎప్పుడు కొట్టారో, పురుగు తగ్గిందో లేదో రైతులే రాస్తున్నారు. మిర్చిలో నల్ల తామర పురుగు ఉధృతికి నీమాస్త్రం (వేపతో చేసే కషాయం) ఒక్కటే చాలలేదని కూడా దాచకుండా రాశారు. ఎంత మంచి పని! పక్కనే ఆ పురుగులు అంటుకునే నీలిరంగు జిగురు అట్టలు అమ్మకానికి పెట్టారు, అవి తప్పక తీసుకోండి.

కానీ బోర్డు నిండగానే తుడిచేస్తున్నారు. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం, ప్రకృతి సాగును నడిపించే ప్రభుత్వ రైతు సాధికార సంస్థ రెండూ గుంటూరులోనే ఉన్నాయి. తుడిచే ముందు ఫోటో తీసి, పంట వయసు, ఎకరాలు, కొట్టిన మోతాదు రాసి పంపితే శాస్త్రవేత్తలకూ పనికొస్తుంది.