మూడేళ్లుగా మంచుగడ్డతో ఆట: ఏది నిలిచింది, ఏది మానేశాం

మా అమ్మాయికి ఏడాదిన్నర వయసప్పుడు ఒక మధ్యాహ్నం స్టీలు పళ్ళెంలో పెద్ద మంచుగడ్డ పెట్టి ముందుంచాను. వేలితో తాకి చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది. మళ్లీ తాకింది. చివరికి అరచేయి మొత్తం ఆనించి, తడిసిన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు ఆమెకు నాలుగున్నర ఏళ్లు, తమ్ముడికి రెండు నిండాయి. ఈ మూడేళ్లలో వారానికి ఒకసారైనా మా ఇంట్లో ఈ ఆట జరుగుతూనే ఉంది. ఎన్నో బొమ్మలు వచ్చి అటక ఎక్కాయి, ఇది మాత్రం ఎక్కలేదు. ఇన్నాళ్ల వాడకంలో తెలిసినవి, తప్పులతో సహా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: మంచులో బొమ్మలు గడ్డకట్టించి పిల్లల చేత తవ్వించే ఆట నాకు నచ్చలేదు. అందరూ మొదలుపెట్టేది దానితోనే, నేనూ అంతే. ప్లాస్టిక్ జంతువులు, పూరేకులు, మెరుపు పొడి, మూడు రంగులు అన్నీ వేసి గడ్డకట్టించాను. అమ్మాయి చూపు లోపలున్న ఏనుగు మీదే. మంచు ఆమెకు అడ్డం మాత్రమే అయింది. చెంచాతో నాలుగు దెబ్బలు వేసి, విసిగి, నన్నే పగలగొట్టమంది. ఏనుగు బయటకు రాగానే ఆట ముగిసింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాతి వారం ఏమీ వేయకుండా ఉత్త నీళ్లు గడ్డకట్టించి, పక్కన ఒక చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా, ఒక గుడ్డముక్క పెట్టాను. నలభై నిమిషాలు ఆడింది. చెంచాతో నీళ్లు పోసిన చోట గుంట పడటం చూసి, అదే గుంటలో మళ్లీ మళ్లీ పోసి లోతు చేసింది. గడ్డలోపల సన్నని బుడగలు కనిపిస్తే వేలితో లెక్కపెట్టబోయింది. అప్పటి నుంచి వస్తువులు తగ్గిస్తూ వచ్చాను, ఆట పెరుగుతూ వచ్చింది.

తయారీ గురించి. నీళ్లు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఈ సంగతి బడిలో చదువుకున్నదే, అయినా ఒకసారి గాజు సీసా నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. తెల్లారేసరికి సీసా నిలువునా పగిలి ఉంది. మంచులో కలిసిపోయిన గాజుపెంకులు కంటికి కనిపించవు. పిల్లల చేతికి వెళ్లేలోపు చూశాను కాబట్టి సరిపోయింది. గాజు వద్దే వద్దు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా గానీ సిలికాన్ అచ్చు గానీ తీసుకుని పైన వేలెడు ఖాళీ వదలండి. లీటరు నీళ్లు లోపలిదాకా గట్టిపడాలంటే రాత్రంతా ఉంచాల్సిందే. సన్నని కాళ్లూ తోకలూ ఉన్న అలంకార అచ్చుల సెట్టు ఒకటి కొన్నాను. తీసేటప్పుడే అవి విరిగిపోతాయి. మళ్లీ కొనను.

ఫ్రీజర్ లోపలి చలి సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పుడే తీసిన గడ్డ తడి చర్మానికి అంటుకుంటుంది. మా చిన్నవాడి వేలి చివర అలాగే అంటుకుని బెదిరి ఏడ్చాడు. లాగకుండా గోరువెచ్చని నీళ్లు పోస్తే వదిలింది. ఆ తర్వాత గడ్డను బయట పెట్టి, పైభాగం తడిగా మెరిసేదాకా ఆగుతున్నాను. ఈ పది నిమిషాల ఓపిక తప్పనిసరి.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమనిపించే మాట. వేరే బొమ్మలకు లేని గుణం మంచుకు ఒకటుంది: ఆడుతుండగానే చిన్నదవుతుంది. మొదట్లో రెండు చేతులతో పట్టుకోవాల్సిన గడ్డ గంట తర్వాత గొంతులో ఇరుక్కునేంత ముక్కగా మారుతుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టేది ఏదైనా ఆ వయసు పిల్లలకు ప్రమాదమే. కాబట్టి ట్రేలో చేసిన ఐసుముక్కలు చిన్నవాడికి ఇవ్వను. పెద్ద గడ్డ కూడా నా పిడికిలి కంటే చిన్నదైతే తీసి సింకులో పడేస్తాను. బెలూనులో నీళ్లు గడ్డకట్టిస్తే గుండ్రటి గడ్డ అందంగా వస్తుంది కానీ, చినిగిన రబ్బరు ముక్క నోట్లోకి వెళ్తే ఊపిరి ఆడకుండా చేస్తుంది. నీటిలో ఉబ్బే రంగు గోళీలను మంచులో కలపడం ఇంకా ప్రమాదం. మింగితే అవి కడుపులో ఉబ్బి పేగులకు అడ్డం పడతాయి. మా ఇంట్లోకి వాటిని రానివ్వలేదు.

ఉప్పు సంగతి. నాలుగేళ్లు నిండాక అమ్మాయికి ఉప్పు పరిచయం చేశాను. గడ్డ మీద ఉప్పు చల్లితే పగుళ్లూ సొరంగాలూ ఏర్పడతాయి. డ్రాపర్‌తో రంగునీళ్లు వేస్తే ఆ దారులన్నీ ఎరుపుగా, నీలంగా బయటపడతాయి. ఇంత అందమైన దృశ్యం ఈ ఆటలో మరొకటి లేదు. అయితే ఉప్పూ మంచూ కలిసిన చోట చలి మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు, చర్మం మీద ఆనించి ఉంచితే కాలిన గాయంలాంటిది అవుతుంది. అందుకే ఉప్పు వేసిన గడ్డను చేత్తో పట్టుకోకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. చెంచా, డ్రాపర్ మాత్రమే. తమ్ముడు నిద్రపోయాకే ఆ ఆట.

రంగునీళ్లు గడ్డకట్టిస్తే అంచులు తెల్లగా ఉండి రంగంతా నడిమధ్యకు చేరుతుంది. గడ్డకట్టే నీరు తనలో కలిసిన వాటిని బయటకు నెట్టుకుంటూ పోవడమే కారణం. అమ్మాయి మాత్రం ‘రంగు లోపల దాక్కుంది’ అంది. నాకు ఆ మాటే నచ్చింది. రంగు రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే గోళ్లకూ బట్టలకూ పట్టి త్వరగా వదలదు.

మూడేళ్లలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది నేను ఏర్పాటు చేసిన ఆట కాదు. ఒకరోజు అమ్మాయి ‘పాపం, దీనికి చలేస్తోంది’ అంటూ గడ్డ మీద తన ఉన్ని శాలువా కప్పింది. శాలువా తడుస్తుందని వారించబోయి ఆగాను. పక్కన కప్పని గడ్డ ఇంకొకటి ఉంది. కాసేపటికి శాలువా తీసి చూస్తే, కప్పిన గడ్డ పెద్దగా ఉంది, కప్పనిది సగమైంది. ఆమె ముఖంలో అయోమయం నాకింకా గుర్తుంది. ‘శాలువా వేడి ఇవ్వదా అమ్మా?’ అని అడిగింది. జవాబు నోటిదాకా వచ్చింది. గుడ్డ తనంతట తాను వేడి ఇవ్వదు, బయటి వేడి లోపలికి పోకుండా, లోపలి వేడి బయటికి రాకుండా ఆపుతుంది. అది చెప్పకుండా ‘మళ్లీ చేసి చూద్దామా?’ అన్నాను. దాదాపు నెల రోజులు అదే ఆట. తువ్వాలు కప్పింది, కాగితం చుట్టింది, తన చేతులే కప్పింది. చేతులు కప్పినప్పుడు గడ్డ తొందరగా కరిగిందని తనే గమనించి, ‘నేను వేడి ఇస్తాను, శాలువా ఇవ్వదు’ అంది. ఒక్క ముక్కలో అంతా చెప్పేసింది!

చిన్నవాడి కథ వేరు. మొదటి నాలుగు నెలలు వాడికి మంచు అంటే సహించేది కాదు, చేయి తగలగానే ముఖం తిప్పుకునేవాడు. బలవంతం చేయలేదు. గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో గడ్డ వేసి ఇస్తే దొర్లించాడు. ఆ తర్వాత చెంచాతో తాకాడు, ఒకనాడు వేలు పెట్టాడు. చలి తగిలితే దద్దుర్లు లేచే పిల్లలుంటే మాత్రం ఈ ఆట అసలు వద్దు.

వేళ్లు ఎర్రబడి బిగుసుకుంటే ఆపాలి. రెండేళ్లవాడికి పది నిమిషాలకు ఒకసారి చేతులు తుడిచి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ముంచుతాను, ఆ గిన్నె కూడా ఆటలో భాగమైపోయింది. ఐసుతో ఆడితే జలుబు చేస్తుందని ఇంట్లో పెద్దలు దిగులుపడ్డారు. జలుబు తెచ్చేది వైరస్, చేతి చలి కాదు. అయినా తడి బట్టలతో మాత్రం ఉంచను. నేల మీద మందపాటి తువ్వాలు పరవకపోతే జారిపడటం ఖాయం. వెడల్పాటి తొట్టిలో ఆడించినప్పుడు, ఆట కాగానే నీళ్లు పారబోసే దాకా నేను గది దాటను. కొద్ది సెంటీమీటర్ల నీటిలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు.

ఈ వారం అమ్మాయి ఒకేలాంటి రెండు గడ్డలు అడిగింది. ఒకటి చెక్క పలక మీద, ఇంకొకటి స్టీలు పళ్ళెంలో పెట్టింది. స్టీలు మీది ముందు కరిగింది. ఎందుకని నన్ను అడగలేదు. పళ్ళెం ఎత్తి దాని అడుగున చేయి ఆనించి చూసింది, తర్వాత చెక్క పలక అడుగున ఆనించింది. తమ్ముణ్ణి పిలిచి, వాడి చేయి పట్టుకుని రెండింటి కిందా పెట్టించింది.