వేంగి మళ్ళీ నిలబడితే రాజధాని ఎక్కడ? గోదావరి డెల్టాలో చూసిన ఊళ్ళు, దిగిన బసలు

తూర్పు చాళుక్యుల వేంగి రాజ్యం ఈ బస్సులూ ఫోన్లూ ఉన్న కాలంలో మళ్ళీ నిలబడితే ఎలా ఉంటుంది? మా బాబాయికీ నాకూ ఎన్నాళ్ళ నుంచో ఇదే కబురు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. శాసనాల లిపి కొంత పట్టు చిక్కించుకున్నారు. ఈసారి కబుర్లతో ఊరుకోకుండా, కార్తీక మాసం రద్దీ తగ్గాక, పాత వేంగి ఊళ్ళన్నీ చూడ్డానికి బయల్దేరాం. ఏ ఊళ్ళో దిగినా మా ప్రశ్న ఒక్కటే: రాజధాని ఇక్కడ పెట్టొచ్చా?

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు క్రీ.శ. 624 ప్రాంతంలో ఈ వంశాన్ని ఇక్కడ నిలబెట్టాడు. 1070లో రాజరాజ నరేంద్రుడి కొడుకు చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అక్కడితో వేంగి విడిగా మిగల్లేదు. మంచి రోజుల్లో ఉత్తరాన మహేంద్రగిరి నుంచి దక్షిణాన నెల్లూరు వైపు మన్నేరు దాకా వాళ్ళదే. ఇప్పటి మ్యాపు మీద గీత గీస్తే డెల్టా జిల్లాలన్నీ లోపలికి వస్తాయి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉన్న యానాం కూడా వస్తుంది.

మొదట పెదవేగి. ఏలూరుకి ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్లుంటుంది, ఆటో మాట్లాడుకోవడం నయం. ఆటో అతను ముందే చెప్పాడు: "ఆయ్, అక్కడేం ఉంటాదండీ చూడ్డానికి, దిబ్బలు తప్ప!" నిజానికి ఉన్నవీ అవే. ఇటుక పునాదులు, పాత శివాలయం ఆనవాళ్ళు, చుట్టూ తోటలు. కానీ చాళుక్యులకన్నా ముందు శాలంకాయనులు ఏలిందీ, చిత్రరథస్వామి పేరుతో సూర్యుణ్ణి కొలిచిందీ ఈ నేల మీదే. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశ రాజధానిగా చెప్పిన ఊరు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇప్పుడీ ఊరికి పేరు తెచ్చింది భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. ఇది మెట్ట, గోదావరి చాలా దూరం. రాజధానిగా ఒప్పుకోను గానీ, దిబ్బల దగ్గర నీడా, మంచినీళ్ళూ, ఏది ఏమిటో చెప్పే నాలుగు తెలుగు బోర్డులూ ఉండాల్సిన ఊరు. ఇక్కడ బస చెయ్యాల్సిన పని లేదు, ఏలూరులో భోజనం చేసి రైలెక్కొచ్చు.

రాజమహేంద్రవరం గురించి అందరూ అనేది ఒకటే: ఇంకెక్కడ, రాజధాని ఇదే కదా! రాజరాజ నరేంద్రుడు కొలువు తీర్చిన ఊరు, నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు, ఇప్పుడు ఆదికవి నన్నయ పేరుతో విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. రైళ్ళు, విమానాలు, ఆసుపత్రులు, రోడ్డు కం రైలు వంతెన అన్నీ ఉన్నాయి. సౌకర్యాల లెక్కన దీనికి పోటీ లేదు. గోదావరి గట్టు దగ్గర రాళ్ళబండి సుబ్బారావు పేరున్న పురావస్తు ప్రదర్శనశాలకి తప్పక వెళ్ళండి. నాణేలంటే బాబాయికి ప్రాణం. రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు బర్మాలో అరకాన్ తీరం పక్కనున్న చెదుబా దీవిలో కూడా దొరికాయని చెబుతూ ఆయన అక్కడి నుంచి కదల్లేదు. ఈ డెల్టా సరుకు సముద్రం దాటి ఎంత దూరం వెళ్ళిందో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. వేంగి మళ్ళీ నిలబడితే మొదటి ఖర్చు రేవుల మీద పెట్టాలని నేనంటాను.

బస విషయంలో మాత్రం ఇక్కడే మనసు కష్టపడింది. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఏసీ గది అని డబ్బు ముందే తీసుకున్నారు. రాత్రి ఏసీ ఆగిపోతే మెకానిక్ పొద్దున వస్తాడన్నారు. పొద్దున డబ్బు తగ్గించమంటే బిల్లే ఇవ్వలేదు. పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు స్టేషన్ దగ్గర కాకుండా గోదావరి గట్టు వైపు చూసుకోండి. గది చూశాకే డబ్బు కట్టండి. ఆ కోపమంతా పొద్దున్నే తిన్న ఉప్మా పెసరట్టుతో సగం దిగిపోయింది. మిగతా సగం మెయిన్ రోడ్డులో రోజ్ మిల్కుతో పోయింది.

బిక్కవోలుకి రైలుంది, కానీ రోడ్డు మీద వెళ్ళడమే మేలు, ఎందుకంటే గుళ్ళు కొన్ని ఊళ్ళో, కొన్ని ఊరవతల పొలాల్లో ఉన్నాయి. గుణగ విజయాదిత్యుడి (848-892) కాలపు గుళ్ళివి. ఊళ్ళో గోలింగేశ్వరాలయంలో జనం ఉంటారు, దీపం ఉంటుంది. లక్ష్మీగణపతి గుళ్ళో ఏకశిలా వినాయకుడి చెవిలో కోరిక చెప్పుకోవడానికి లైన్లో నిలబడతారు. పొలాల్లో ఉన్న గుడికి మాత్రం గట్టు మీద నడిచి వెళ్ళాలి. అక్కడ గోడ గూటి మీద మకరతోరణం చూడండి. మొసలిలాంటి రెండు మకరాలు నోళ్ళు తెరిచి, తోకలు తీగల్లా చుట్టుకుని ఉన్నాయి. ఆ చుట్టల్లో ఉలి గీత ఇప్పటికీ వేలికి తగులుతుంది. చుట్టూ వరి. గుడి పక్కన మేక మేపుకుంటున్న ఒకావిడ "మా చిన్నప్పుడు ఇందులోనే దాగుడుమూతలు ఆడేవోళ్ళం బాబూ" అంది. బిక్కవోలుని రాజధాని చెయ్యమనను. శిల్పులకి పెద్ద బడి పెట్టాలంటే మాత్రం ఇదే చోటు. చెప్పులు తీసి గట్ల మీద నడిచేవాళ్ళు ముళ్ళు చూసుకోవాలి, తాగే నీళ్ళు వెంట ఉంచుకోవాలి.

సామర్లకోట కుమారారామం గురించి ఎక్కువ చెప్పను. లింగం రెండంతస్తుల ఎత్తు, అభిషేకం పైఅంతస్తులో. గుడి శుభ్రంగా ఉంది, జంక్షన్ దగ్గరే కాబట్టి రైలు దిగి చూసుకుని మళ్ళీ రైలెక్కొచ్చు. చాళుక్య భీముడు (892-921) కట్టించిన గుడి. ఇదీ, ద్రాక్షారామమూ ఆయనవే. ఆ ద్రాక్షారామమే మా ప్రయాణానికి గుండెకాయ.

ద్రాక్షారామంలో జనం భీమేశ్వరుణ్ణీ, మాణిక్యాంబనీ చూసి వెళ్ళిపోతారు. మీరు కాసేపు ఆగి స్తంభాల వైపు చూడండి. గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. సున్నం పూతలు, పసుపు కుంకుమ చేతులు అక్షరాల్లో పేరుకుపోయాయి, ఎదురుగా నిలబడితే ఏమీ కనబడదు. బాబాయి ఫోన్ టార్చ్ తీసి రాయికి ఆనించినట్టు పక్కవాటుగా పట్టుకున్నారు. ఒక్కసారిగా గుండ్రటి అక్షరాలు వరసల్లో పైకి లేచాయి. "స్వస్తి శ్రీ శకవర్షంబులు" అని మొదలుపెట్టి కూడబలుక్కుంటూ చదివారు. ఫలానావారు ఫలానా పుణ్యం కోసం అఖండదీపానికి ఇన్ని జీవాలనిచ్చారు, వాటిని ఫలానా బోయకి, అంటే మందల కాపరికి, అప్పగించారు, అతనూ అతని సంతానమూ రోజుకింత నెయ్యి పొయ్యాలి, ఇది చెరిపినవాళ్ళకి గంగ ఒడ్డున వేయి ఆవుల్ని చంపిన పాపం. దాత పేరు రాశారు, బోయ పేరూ రాశారు. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఏం చెయ్యాలి అన్నది దారిన పోయేవాడు చదువుకునేలా రాతి మీద ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టే పనే లేదు.

నా తీర్పు ఇక్కడే చెప్పేస్తాను. వేంగి రాజధాని ద్రాక్షారామం. సింహాసనం తిరిగి రావాలని నాకు లేదు. రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేసి, తరవాత 108 శివాలయాలు కట్టించాడని శాసనాలు గొప్పగా చెబుతాయి. అన్ని యుద్ధాలూ మోసింది ఈ పొలాల్లోని మనుషులే. తరవాత వారసత్వ తగవులు ఎంత దూరం వెళ్ళాయంటే, ఒక రాజు ఒక్క నెలే ఏలాడు. రాజరాజ నరేంద్రుణ్ణి సవతి తమ్ముడు విజయాదిత్యుడు పదేపదే గద్దె దించాడు. అవన్నీ పోవడమే మంచిది. తిరిగి రావాల్సింది ఈ స్తంభం. ప్రతి పంచాయతీ ఆఫీసు ముందూ ఒక రాయి నిలబెట్టి, కాలవ పూడిక తీతకి ఎంత వచ్చింది, ఎవరు తీసుకున్నారు, ఏ నెలకి తియ్యాలి అన్నది చెక్కితే చాలు, నా లెక్కలో వేంగి నిలబడ్డట్టే. పట్టాదారు పాసు పుస్తకం మీద వరాహం (అడవిపంది) బొమ్మ, "శ్రీ త్రిభువనాంకుశ" ముద్ర కూడా ఉంటే ఇంకా సంతోషం. వాళ్ళ రాగి శాసనాలకి ఉండేది ఆ ముద్రే.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకని పొద్దున్నే వెళ్ళండి. పూజారులు ఓపిగ్గా మాట్లాడారు. శాసనాలు చదివి చెప్పే మనిషి మాత్రం మాకు కనబడలేదు. టికెట్ పెట్టినా సరే, అలాంటి ఒక్కరిని ఉంచితే బాగుంటుంది. రాత్రి ఉండాలంటే రామచంద్రపురంలో మామూలు లాడ్జిలున్నాయి. మేం ఉన్నది పాతదే అయినా దుప్పట్లు ఉతికినవి, వేణ్ణీళ్ళు అడగ్గానే ఇచ్చారు, బిల్లూ ఇచ్చారు.

అక్కణ్ణుంచి కోటిపల్లి రేవు దగ్గరే. పంటు (రేవు దాటించే బల్లకట్టు) మీద గోదావరి పాయ గౌతమిని దాటి ముక్తేశ్వరం చేరాం. బైకులు, గడ్డిమోపులు, స్కూలు పిల్లలు, అందరూ ఒకే బల్ల మీద. నీటి మట్టాన్ని బట్టి పంటు నడుస్తుంది కాబట్టి చీకటి పడేదాకా ఆగొద్దు, ముందే రేవులో అడిగి తెలుసుకోండి. ఈ ప్రయాణం మొత్తంలో ఇచ్చిన డబ్బుకి పూర్తి విలువ దొరికింది ఈ పంటు మీదే. ఒక సంగతి ఒప్పుకోవాలి: దాటుతున్నంతసేపూ కనబడే పచ్చదనం వేంగి రాజులది కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టదీ, కాటన్ దొర తవ్వించిన కాలవలదీ. కొత్త వేంగి ఏదైనా ఆ కాలవల మీదే బతకాలి.

చివరి ఊరు నందంపూడి, అంబాజీపేట పక్కన. రాజరాజ నరేంద్రుడు 1053లో ఈ ఊరిని నారాయణ భట్టుకి అగ్రహారంగా ఇచ్చాడు. భారత రచనలో నన్నయకి తోడు నిలిచినవాడాయన. ఆ శాసనం రాసింది నన్నయే. కొబ్బరితోటలు, కాలవ, ఇళ్ళు, అంతకుమించి చూడ్డానికి ఏమీ లేదు. బాబాయికి మాత్రం అన్నిటికన్నా ఇదే నచ్చింది. సాయం చేసిన తోటి పండితుడికి దక్కిన గౌరవాన్ని కవే స్వయంగా రాసిపెట్టాడు, ఆ గౌరవం ఈ ఊరే అని అన్నారు. రాజ్యం మళ్ళీ వస్తే సాహిత్య అకాడమీ ఇక్కడే పెట్టాలట. నేనూ సరేనన్నాను.

అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి, పనసాకు బుట్టలో ఉడికించిన ఇడ్లీ, పొద్దున తొందరగా అయిపోతాయి. ఉండటానికి తోటల మధ్య ఒక ఇంటి బస దొరికింది. గది చిన్నదే, దోమతెర ఉంది, రాత్రి పనసపొట్టు కూరతో అన్నం పెట్టారు. రాజమహేంద్రవరం లాడ్జి కన్నా తక్కువే తీసుకున్నారు. ముందురోజే ఫోన్ చేసి భోజనం సంగతి చెప్పాలి, కారు లోపలి దాకా రాదు, గట్టు మీద ఆపి కొంచెం నడవాలి.