సిబిల్ ఉచిత రిపోర్టు: చూడటానికి భేష్, దిద్దించాలంటే బ్యాంకు వెంటపడాల్సిందే

మన అప్పులు, వాటి కట్టుబడుల చరిత్ర రాసిపెట్టే సంస్థ ట్రాన్స్‌యూనియన్ సిబిల్. దాని సైటులో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు, స్కోరుతో సహా పైసా కట్టకుండా వస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధన అది. పాన్, పుట్టిన తేదీ, ఫోనుకొచ్చే ఓటీపీ ఉంటే చాలు. దారిలో డబ్బు కట్టే ప్లాన్లు అడ్డొస్తాయి, వాటిని వద్దనుకుని ముందుకెళ్లాలి. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది ఉత్త భయం.

రిపోర్టు తెరిచాక చాలామంది 300 నుంచి 900 లోపు ఆ ఒక్క అంకె చూసి మూసేస్తారు. అసలు సరుకంతా ఖాతాల పేజీల్లో ఉంది. ప్రతి లోన్ కింద నెలకో గడి చొప్పున 36 నెలల డీపీడీ (గడువు దాటిన రోజుల) పట్టిక ఉంటుంది. 000 అంటే గడువు దాటిన బాకీ లేదు. 030 అంటే ఆ నెలకి కట్టాల్సింది 30 రోజులు దాటిపోయింది. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ కనబడితే కంగారొద్దు, ఆ నెల వివరాలు బ్యాంకు పంపలేదని అర్థం. ఎవరికో హామీ సంతకం పెట్టి మర్చిపోయిన లోన్ కూడా ఇక్కడ గ్యారంటర్ పేరుతో బయటపడుతుంది. అది తప్పు కాదు, మనదే.

తరచూ దొరికే చిక్కు ఒకటి చూడండి. క్రెడిట్ కార్డు మూసేశామనుకుంటారు. ఏడాది ఫీజు 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90, వెరసి 590 బాకీ కార్డు మీదే ఉండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ గడుల్లో 030, 060, 090 పేరుకుంటాయి. ఇలాంటిది కనబడితే ముందు బ్యాంకు నుంచి కార్డు మూసినట్టు లెటర్, ఫీజు రద్దు చేసినట్టు స్టేట్‌మెంట్ రాయించుకోవాలి. ఆ కాగితం లేకుండా సిబిల్‌లో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) వేస్తే తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ.

ఎందుకంటే డిస్ప్యూట్ బటన్ ఒట్టి పోస్టుడబ్బా. లాగిన్ అయి, తప్పున్న ఖాతా ఎంచుకుని, సరైన వివరం రాసి పంపితే సిబిల్ దాన్ని బ్యాంకుకి చేరవేస్తుంది. బ్యాంకు ఔనంటేనే అంకె మారుతుంది, సిబిల్ సొంతంగా దిద్దదు. అందుకే అదే రోజు బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకీ మెయిల్ పెట్టాలి. రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబరు, ఖాతా నంబరు, ఏ నెల గడిలో ఏముంది, ఏముండాలి అన్నది రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. చాంతాడంత వినతిపత్రం అక్కర్లేదు.

డిస్ప్యూట్‌కి ముందు ‘డేట్ రిపోర్టెడ్’ (బ్యాంకు వివరాలిచ్చిన తేదీ) గడి చూడండి. మీరు డబ్బు కట్టిన తేదీ కంటే అది ముందుదైతే రిపోర్టు పాతదంతే. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి కొన్నాళ్లు ఆగితే దానంతటదే సర్దుకోవచ్చు. ‘సెటిల్డ్’ అని ఉంటే మాత్రం డిస్ప్యూట్ దండగ. తగ్గించి కట్టి ఒప్పందం చేసుకున్నదాన్ని తప్పనలేం. మిగతాది కట్టి, బాకీ లేదన్న నో డ్యూస్ లెటర్ తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్పించుకోవడమే దారి.

ఈ సేవలో మెచ్చుకోవాల్సింది గడువు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు 21 రోజుల్లో సవరణ పంపకపోతే ఆ భారం బ్యాంకుది, పంపినా ఆలస్యమైతే సిబిల్‌ది. స్కోరు ఎలా లెక్కగట్టారన్న గొడవకి మాత్రం ఇది వర్తించదు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

సిబిల్‌లో సరైంది కదా అని మిగతా మూడింటిని వదిలేయకండి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఏడాదికోసారి ఉచితంగానే ఇస్తాయి. వారం వారం కట్టే గ్రూపు లోన్లున్న ఇళ్లవాళ్లయితే క్రిఫ్ హైమార్క్‌తోనే మొదలుపెట్టడం మేలు.